ఉప్పు పడిందా లేదా

ఏమండీ, మిర్కాబ్ ఏరియాలోని మా ఆఫీసుకి వెళ్తున్నాను, సాయంత్రం వస్తాను. ఫ్రిజ్‌లో పెరుగన్నం ఉంది, తినండి. గట్టు మీద గిన్నెలో జంతికల పిండి కలిపి, తడిగుడ్డ కప్పి పెట్టాను.

ఇక మీ తూటాలు నింపే మిషను సంగతి. మీరు ఆన్‌లైన్‌లో ఎంచిపెట్టుకున్న ఆటోమేటిక్ దాన్ని తీసిపారేశాను. అరవకండి. షూటింగ్ క్లబ్బులో మీ కోచ్‌కి నేనే ఫోన్ చేశాను. "కొత్తవాళ్ళకి ఒకసారి లాగితే ఒక్క పనే చేసే చిన్న ప్రెస్సు చాలు మేడమ్. అదీ క్లబ్బులో, నా కళ్ళముందే. ఇంట్లో అయితే ఖలాస్!" అన్నాడు. ధ్యాస తప్పి ఒకే తూటాలో మందు రెండుసార్లు పోస్తే తుపాకీ చేతిలోనే పేలిపోతుందట.

నాకు వెంటనే పోయిన శుక్రవారం గుర్తొచ్చింది. బాలు అన్నయ్య ఫోన్ చేశాడని, మాటల్లో పడి పిండిలో ఉప్పు రెండోసారి వేసిన మహానుభావులు ఎవరండీ? ఆ జంతికలు మన బిల్డింగు వాచ్‌మన్ కూడా దణ్ణం పెట్టి తిరిగిచ్చాడు. పిండి పోతే పోయింది, మీ వేళ్ళు మాత్రం నాకు కావాలి.

అందుకే ఈరోజు మీకు పరీక్ష. ఫోన్ పడగ్గదిలో వదిలేసి జంతికలు వత్తండి. బాగా కుదిరితే ఆ చిన్న ప్రెస్సు నేనే కొనిపెడతాను.

ప్రజ్ఞ

తా.క. పిండిలో ఉప్పు వేశానో లేదో చెప్పను. ఆఫీసుకి ఫోన్ చేసి అడిగారో, ఫెయిలే.