అమ్మ వేళ్లు ఎరిగిన ఓవెన్

యూమా క్యాంపు,
ఫిబ్రవరి, ఆదివారం.

చిరంజీవి మెరిడిత్‌ను దీవించి నాన్న రాసే సంగతులు.

ఇక్కడ నేను కులాసా. మా చక్రాల ఇల్లు, ఈ మోటార్‌హోమ్ బండి కులాసా. పక్క బండి టిల్లీ నోరు మరీ కులాసా. మీ అమ్మ సంగతి కింద రాస్తాను, తొందరపడి కాగితం తిప్పకు. డులూత్ మంచులో నువ్వూ, అల్లుడు కర్టూ, పిల్లలూ జలుబులు లేకుండా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం అందింది. నా మోకాలు ఎలా ఉందన్నావు. అదీ నాలాంటిదే, సణుగుతుంది గానీ పని ఎగ్గొట్టదు. ఇక్కడ చలి తగ్గలేదు. పొద్దున్నే పక్క పొలాల్లో లెట్యూస్ ఆకుకూర కోతల ట్రాక్టర్ల రొదకు మెలకువ వచ్చి, హీటర్ వేసుకుని కాఫీ తాగుతున్నాం.

"కాలిపోయిన ఓవెన్ బదులు మళ్లీ అంత పెద్దదే ఎందుకు నాన్నా, బల్ల మీద పెట్టుకునే చిన్న మైక్రోవేవ్ చాలదా?" అని అడిగావు. టిల్లీ కూడా నడుం మీద చెయ్యి వేసుకుని అదే అడిగింది. "మీ ఇద్దరూ సూపు వెచ్చబెట్టుకోడానికి ఇంత హంగామా ఎందుకయ్యా?" అంది. కాలిపోయిన ఆ కన్వెక్షన్ మైక్రోవేవ్ ఓవెన్ ఉత్త సూపు వెచ్చబెట్టే డబ్బా కాదని మీ ఇద్దరికీ తెలుసు. అమ్మ అందులో దాల్చినచెక్క రొట్టెలు కాల్చిందంటే, వరసలోని బళ్లవాళ్లంతా ఎవరి కుర్చీలు వాళ్లు మోసుకుని మా గుమ్మం ముందుకు చేరేవాళ్లు. ఆ వచ్చేవాళ్లలో టిల్లీయే ముందుండేది.

అది ఎలా కాలిందో ఫోనులో సగమే చెప్పాను. ఈ బళ్లలో చోటు చాలక, బయల్దేరే ముందు గిన్నెలూ బ్రెడ్డూ ఓవెన్‌లోనే కుక్కుతాం. ఆగగానే తీసేస్తాం. తియ్యడం మరిచి స్విచ్చి వేయడం మాలో ప్రతివాళ్లూ ఒకసారి చేసిందే. టిల్లీ అయితే తన ఊలు చెప్పుల్ని కరకరలాడేలా వేపింది. అమ్మా అలాగే చేసిందన్నాను, నువ్వు నవ్వావు.

అచ్చం అదే ఓవెన్ కోసం చాలా తిరిగాను. కొత్తవాటికి మీటలే లేవు, ముందంతా నున్నటి అద్దం. చివరికి దెబ్బతిన్న మోటార్‌హోమ్‌లను విప్పి అమ్మే ఒక యార్డులో మన దాని కవల దొరికింది. బండిని సమంగా నిలపడానికి చక్రాల కింద పెట్టుకునే చెక్కదిమ్మెల్లో మిగిలినవి తెచ్చి, పొయ్యి మీద పలక వేసి దానిపై పేర్చాను. పొయ్యి పైనున్న అరకు వేలాడాల్సిన ఓవెన్‌ను వాటి మీద కూర్చోబెట్టి, ఆ అరలోంచి బోల్టులు దించాను. టిల్లీ భుజం ఆనించి పట్టుకుంది.

"కానీవయ్యా వెర్లినూ, నా భుజమేం ఇనప స్టాండు కాదు!"

"కదలకు. ఇంకొక్క బోల్టు."

"ఇందాకట్నుంచీ ఆ ఒక్క బోల్టే!"

సోఫాలో కూర్చుని చూస్తున్న అమ్మ మెల్లగా నన్నడిగింది. "ఈవిడెవరో గానీ భలే గట్టిది. ఎక్కణ్ణుంచి తీసుకొచ్చావు?"

టిల్లీ నవ్వబోయి ఆగిపోయింది. ఇన్ని చలికాలాలూ పక్కపక్క బళ్లలో గడిపిన మనిషి. మొహం తిప్పుకుని, "నేనా ఇడెల్లా? పక్క బండిదాన్ని. పేరు టిల్లీ," అంది. నేను బోల్టు బిగిస్తూనే ఉన్నాను.

ఇక దాచలేను తల్లీ. ఫోనులో చెబుదామంటే అమ్మ పక్కనే ఉంటుంది. ఓవెన్ కాలిన రోజు మేం ఎక్కణ్ణుంచీ రాలేదు. నవంబరు నుంచీ ఇక్కడే ఉన్నాం. ఆ పొద్దున అమ్మే ప్లాస్టిక్ డబ్బాలన్నీ అందులో సర్దింది. కాసేపటికి రొట్టెలకని అదే ఓవెన్ వేసింది. పొగలోంచి బయటికి లాక్కొచ్చి ఎందుకు సర్దావంటే, "బయల్దేరుతున్నాంగా వెర్లిన్, సోమవారం మెరిడిత్‌కు బడి తెరుస్తారు," అంది. నువ్వేమో బడిలో పాఠాలు చెప్పి చెప్పి జుట్టు నెరిసినదానివి.

డాక్టరు దానికి ఒక పేరు చెప్పాడు. పోయినవి తిరిగి రావనీ, ఇంకా పోతాయనీ చెప్పాడు. అమ్మ ఎందుకు రాయడం లేదని రెండుసార్లు అడిగావు. ఇందుకే. నాకు చాలా భయంగా ఉంది. కొత్త ఓవెన్ ఎదుట నిలబడి, ఇది ఎలా వాడాలని అమ్మ నన్ను అడగడం చూడలేననిపించింది. మనసు మరిచినా ఆ మీటల్ని వేళ్లు మరవవేమోనని ఆశపడ్డాను.

నీకు గుర్తుందో లేదో, క్యాంపు కరెంటు బక్కది. హీటరూ ఓవెనూ కలిసి నడిస్తే బండంతా ఆరిపోతుంది. అందుకని ఓవెన్ వేసేవాళ్లు కేకేయాలి, రెండోవాళ్లు హీటర్ ఆపి జవాబివ్వాలి. మా కాపురంలో సగం మాటలు అవే.

బిగించడం అయ్యాక అమ్మ లేచి వచ్చింది. పిండి ముద్దలు పేర్చిన పళ్లెం లోపల పెట్టి తలుపు మూసింది. చెయ్యి మీటల మీదికి వెళ్లి అక్కడే ఆగింది. తల తిప్పకుండా, "ఓవెన్!" అని కేకేసింది.

నేను హీటర్ స్విచ్చి ఆపి, ఆమె వేళ్లనే చూస్తున్నాను.

"ఓయ్ వెర్లిన్! చెవుడొచ్చిందా? ఓవెన్ అంటున్నా!"

"ఆపేశా!" అన్నాను. అప్పుడు నొక్కింది. ఒక్క మీట కూడా తప్పలేదు.

పిండిలో చక్కెర వేయడం మరిచిందని తిన్నాక తెలిసింది. టిల్లీ రెండు తిని, ఇంకోటి జేబులో వేసుకుని వెళ్లింది.

ఏప్రిల్లో మంచు కరగ్గానే మీ పెరట్లోకి వస్తాం. రమ్మని నువ్వు పోరినన్నాళ్లూ నేను మాట దాటేశాను. ఈసారి బండి అక్కడే నిలిపేస్తాను, మళ్లీ బయల్దేరం. అమ్మను మాత్రం నీ వంటగదికి మార్చకు. తన బండిలోనే రొట్టెలు కాల్చుకోనీ, ఎవరో ఒకరు తోడుండండి. ఓవెన్ లోపల ఏముందో ముందు మీరు చూడండి.

ఇంకొక్కటి. కర్ట్‌కూ పిల్లలకూ కూడా నేర్పు. అమ్మ కేకేశాక జవాబు వినకుండా మీట నొక్కదు, చెయ్యి అలా గాల్లోనే పెట్టుకుని నిలబడుతుంది. మీ ఇంట్లో కరెంటుకు లోటు లేదు, ఏదీ ఆపనక్కర్లేదు. అయినా ఎవరో ఒకరు గట్టిగా "ఆపేశా" అనండి. నేను వినలేని రోజున కూడా అనండి.

ఇట్లు,
హీటర్ దగ్గర కాపలా ఉన్న
మీ నాన్న,
వెర్లిన్