ఫిల్టర్లో పొడి చదును

2004, ఏప్రిల్ 18, ఆదివారం

కాఫీ మళ్ళీ పల్చన. నిన్న చేదు, ఈవేళ పల్చన. పొడి అదే, నీళ్ళ కొలత అదే, ఇత్తడి ఫిల్టరు అదే. పెట్టే చెయ్యి కూడా నాదే.

అక్క రెండు గుక్కలు తాగి గ్లాసు పక్కన పెట్టేసింది. "ఏంట్రా తమ్ముడూ, గిన్నె కడిగిన నీళ్ళు తెచ్చేవు?"

అక్క అన్నం మానేసి నెలయింది. జావ ఇస్తే మొహం తిప్పుకుంటుంది. పొద్దున్న ఓ గ్లాసు, మూడు గంటలకి ఓ గ్లాసు, చిక్కటి పాలతో కాఫీ. లోపలికి దిగేది అదొక్కటే. అది కూడా వద్దంటే ఇంక... రాయను.

ఏప్రిల్ 19

చేదు. సగం తాగింది.

ఏప్రిల్ 21

కోడలు రత్నం అడిగింది. "నేను పెట్టనా మావయ్యగారండీ? మీరు కాసేపు కూర్చోండి."

వద్దన్నాను. కాస్త గట్టిగానే అన్నాను.

ఈ ఇంట్లో కాఫీ అక్కది. పందొమ్మిదేళ్ళకే బొట్టు పోగొట్టుకుని ఈ గుమ్మం ఎక్కిన నాటి నుంచీ అక్కే పెట్టింది. కళ్ళు పోయాక నా చేతికిచ్చింది. ఇంకెవరికీ ఇవ్వలేదు. రత్నం కాఫీ అంటే సీసాలో పొడి, వేడి పాలు, చెంచాతో రెండు తిప్పులు. దాన్ని కాఫీ అనను. తను కాపరానికి వచ్చిన కొత్తలోనే మొహాన చెప్పాను.

ఏప్రిల్ 24

రాజోలు. కాఫీ పొడి కొట్టు వాడితో దెబ్బలాట.

"చికోరీ ఎక్కువ కలిపేస్తున్నావు."

"లేదండీ బాబూ. మీ నాన్నగారి నాటి నుంచీ అదే పాళమండీ."

"మరి రోజుకో రుచి ఎందుకొస్తోంది?"

"నీళ్ళ మార్పేమో చూసుకోండి. కాలవ కట్టేసేరు గదండీ."

నిజమే. కాలవ కట్టేసి వారమైంది. బోరు నీళ్ళు ఉప్పు. నాకెందుకు తట్టలేదు? వాడి ముందు ఒప్పుకోలేదు. పొడి పుచ్చుకుని బస్సెక్కేశాను.

ఏప్రిల్ 25

నీళ్ళే. ఏటా ఉన్న తిప్పలే. కాలవ కట్టేస్తే మళ్ళీ వదిలేదాకా పప్పు ఉడకదు, కాఫీ కుదరదు. అక్కకి చెప్పాను.

"అంతేనంటావా?"

"అంతే. జూన్లో కాలవ వదిలితే అదే కుదురుతుంది."

"అయితే నన్ను జూను దాకా ఉండమంటావు." నవ్వింది.

నాకు నవ్వు రాలేదు.

మే 2

సైకిలుకి రెండు డబ్బాలు కట్టి మంచినీళ్ళ చెరువుకి వెళ్ళాను. అడుగంటింది. పై నీళ్ళు తీసి, గుడ్డలో వడగట్టి, కాచి... పల్చన. బురద వాసన కూడా. అక్క ఒక్క గుక్క తాగి, "చేపల చెరువులో ముంచేవా?" అంది.

మోకాళ్ళు రెండూ పట్టేశాయి.

మే 9

శ్రీను వచ్చాడు. మా చెల్లెలి కొడుకు, బెంగుళూరులో కాఫీ కొట్లో పని. అమలాపురంలో స్నేహితుడి పెళ్ళి చూసుకుని పెద్దమ్మని చూడటానికి దిగాడు. అక్కడ కాఫీ మిషను తీస్తుందట, నీళ్ళని గట్టిగా నెట్టి, అరనిమిషంలో. ముప్పై ఏళ్ళ వాడు, పెళ్ళి చేసుకోరా అంటే కాఫీ గురించి చెబుతాడు.

నేను పొడి వేస్తుంటే పక్కన నిలబడి చూశాడు.

"పొడి ఉండలు కట్టింది మావయ్యా. ఇటు పక్క ఎత్తుగా ఉంది చూడండి."

"నాకు నేర్పుతున్నావేంట్రా?"

"అబ్బే, లేదు. మిషనుతో తీసినా అదే చిక్కు. పొడి సమంగా లేదనుకోండి, నీళ్ళు పల్లం వెతుక్కుంటాయి. ఒక పక్క నుంచే జారిపోతాయి. మేం సూదితో కెలికి, చదును చేసి, అప్పుడు నొక్కుతాం."

నీళ్ళు పల్లం వెతుక్కుంటాయని నాకు చెబుతున్నాడు! నేను దమ్ము చేసి, బల్ల తోలి చదును చేసిన చేలో నీళ్ళు పెడితే నాలుగు మూలలా బెత్తెడు సమంగా నిలబడేవి. గట్టు మీద నిలబడి చూసిపోయేవారు జనం. వాడికేం తెలుసు.

వాడు బస్సెక్కాక కొబ్బరి ఈనెపుల్ల ఒకటి సన్నగా చెక్కి పెట్టుకున్నాను. ఎవరికీ చెప్పలేదు.

మే 10

ఈనెపుల్లతో అడుగు దాకా కెలికాను. ఉండలు విడిపోయాయి. ఫిల్టరు చుట్టూ వేళ్ళతో తట్టాను. అరచెయ్యి ఆనించి చూశాను. అక్క నేర్పిన పద్ధతి అది — "కంటితో చూడకు, ఎత్తుపల్లాలు అరచెయ్యి చెబుతుంది." చదునుగానే ఉన్నట్టుంది. కాడ ఉన్న బిళ్ళ పెట్టి పొడిని నొక్కాను. నీళ్ళు పోశాను.

చిక్కగా దిగింది. ముప్పాతిక తాగింది. ఏమీ అనలేదు. అనలేదంటే బాగున్నట్టే.

మే 11

పల్చన.

మే 12

చేదు. గెడ్డం గీసుకుంటే రెండు చోట్ల తెగింది. బ్లేడు పాతది.

మే 20

కాంపౌండరు వచ్చి నాడి చూశాడు. "పెద్దావిడ గదండీ. ఏదడిగితే అది పెట్టండి."

"ఏమీ అడగదు."

"కాఫీ తాగుతున్నారు గదండీ."

"తాగటం లేదు. అదే గదా చెబుతున్నాను."

తల ఊపి, చెప్పులేసుకుని వెళ్ళిపోయాడు. సూది వెయ్యమంటే దేనికి వెయ్యమంటారండీ అన్నాడు. నిజమే. దేనికి?

మే 31

పొద్దున్న పావు గ్లాసు. సాయంత్రం వద్దంది.

జూన్ 10

కాలవ వదిలారు! ఎర్రగా, చెత్తంతా తోసుకుంటూ వస్తోంది. రెండు బిందెలు ముంచి పటిక వేసి పెట్టాను. తేరాలి.

"వచ్చేయా నీళ్ళు?" అంది అక్క.

"వచ్చేయి."

"చూద్దాం నీ పస."

జూన్ 13, ఆదివారం

తేరిన నీళ్ళు. కొత్త పొడి. ఈనెపుల్ల. అన్నీ.

పల్చన.

గ్లాసు విసిరికొట్టబోయి ఆగాను. అక్క ఒక్క గుక్క తాగి పడుకుంది. తిట్టను కూడా తిట్టలేదు.

ఫిల్టరు విప్పి చూశాను. ఇన్నాళ్ళూ అలాగే రత్నానికి కడగడానికి ఇచ్చేసేవాణ్ణి. ఎడమ పక్క పొడిలో వేలు దూరేంత గండి. కుడి పక్క పొడి పొడిగానే ఉంది. చుక్క తగల్లేదు. గట్టు తెగిన చేను చూసినట్టుంది.

నీళ్ళు కాదు. కొట్టు వాడు కాదు.

జూన్ 14

మళ్ళీ పొడి వేశాను. ఈసారి పొడిని చూడలేదు, చేతిని చూశాను.

బొటనవేలు. చెంచా ఎత్తగానే వణుకు మొదలు. పొడి ఓ పక్కకే రాలుతోంది. ఆగమంటే ఆగటం లేదు. ఎడమ చేత్తో పట్టుకున్నాను. రెండూ కలిసి ఊగాయి.

ఆవేళ గెడ్డం తెగింది బ్లేడు వల్ల కాదన్నమాట.

ఈ డైరీలో జనవరి పేజీలు తిప్పి చూశాను. మూడో తరగతి చదువు, నా అక్షరాలు ఎప్పుడూ వంకరే. కానీ అప్పుడు నిలబడి ఉన్నాయి. ఇప్పుడు గాలికి ఊగుతున్నట్టున్నాయి. రోజూ రాస్తూ చూసుకోలేదు.

జూన్ 15

రాయాలని లేదు.

జూన్ 16

వంటింటి గుమ్మంలో నిలబడి "అమ్మాయ్" అన్నాను. చెయ్యి చాపాను.

రత్నం చూసింది. "ఆయ్," అంది. అంతే. ముందే తెలుసు కాబోలు.

నేను చెబుతుంటే తను చేసింది.

"కెలుకు. అడుగు దాకా. ఇప్పుడు తట్టు. అరచెయ్యి ఆనించు."

"ఇక్కడ కాస్త పల్లంగా ఉందండి."

"పక్కది లాగు. నొక్కకు ఇంకా... ఇప్పుడు నొక్కు. సమంగా."

తొలిసారే కుదిరింది. నాకు ఏడాది పట్టింది ఇది రావడానికి. డికాషన్ బొట్టు బొట్టుగా, నల్లగా, తేనెలా దిగింది.

నేనే పెట్టినట్టు పట్టుకెళ్ళి అక్కకిచ్చాను.

గుక్క తాగింది. "వేణ్ణీళ్ళు తెచ్చేవేంట్రా?"

మిగిలింది నేను తాగాను. ఇంత చిక్కటి కాఫీ ఈ ఇంట్లో తాగి ఎన్నాళ్ళయిందో.

జూన్ 17

రత్నం చేతే పెట్టించాను. అక్క అదే మాట. రత్నం నా మొహం చూసింది. నేను దూడ తాడు సరిచేస్తూ పెరట్లో ఉండిపోయాను. తాడు సరిగానే ఉంది.

జూన్ 18

బెల్లం ముక్క అక్క నోట్లో పెట్టాను. చప్పరించి ఉమ్మేసింది. "ఏంటిది, ఇటిక ముక్కా?"

నా చెయ్యి పోయింది. అక్క నాలిక పోయింది. ఏది ముందు పోయిందో తెలీదు. ఏప్రిల్లో చేదు చేదనేది, పల్చన పల్చననేది. అంటే అప్పటికి ఇంకా ఉంది. కొంచెమో గొప్పో ఉంది. ఆ ఉన్న నాలుగు రోజులూ నేను గండి పడ్డ కాఫీ పోశాను. తనకి తెలిసిన ఆఖరి రుచులన్నీ నా చేతి వంకరవే.

కొట్టు వాణ్ణి తిట్టాను. కాలవని తిట్టాను.

జూన్ 20, ఆదివారం

అక్క పిలిచింది. మంచం పట్టె మీద కూర్చోమంది.

"నిజం చెప్పరా. మార్పు నీ కాఫీలోనా, నాలోనా?"

"నా చేతిలో అక్కా. వణుకుతోంది. పొడి సర్దలేకపోతున్నాను."

అక్క మొహం తేటపడింది. "అదా! చెప్పి చావొచ్చు గదరా! నా నోరు పోయిందేమోనని హడలి ఛస్తన్నాను నేను."

తడుముకుంటూ నా చెయ్యి పట్టుకుంది. ఊగుతోంది. బొటనవేలు పట్టుకుని చూసింది. "ముసలాడివైపోయేవురా," అంది. ఎంత సంబరమో! నవ్వుతూనే ఉంది.

ఊళ్ళో ఎవడికీ చూపించని చెయ్యి. చూపించినందుకు సిగ్గు లేదు. చెప్పింది అబద్ధం కాదు. కానీ నిజమంతా చెప్పలేదు.

మధ్యాహ్నం గ్లాసెడు కాఫీ మొత్తం తాగింది. "నీ చెయ్యి తెలిసింది గదా, ఇంక సర్దుకుంటాలే," అంటూ తాగింది. రత్నం లోపలికెళ్ళి ముక్కు చీదుకుంది.

జూన్ 21

"ఫిల్టరు ఇలా పట్రా. నేను సర్దుతాను," అంది పొద్దున్నే.

"నీకెందుకక్కా శ్రమ?"

"నీ చెయ్యి పాడైందన్నావు. నా చెయ్యి బాగానే ఉంది."

ఆపాలంటే నిజం చెప్పాలి. ఆపలేదు.

గోడకి దిండు వేసి కూర్చోబెట్టాం. ఒళ్ళో ఫిల్టరు. పొడి వేసింది. ఈనెపుల్ల చేతికిస్తే "ఇదేంట్రా కొత్తగా" అని వేలితోనే విడదీసింది. చుట్టూ తట్టింది. అరచెయ్యి ఆనించి, ఆగి, ఒక మూల చిటికెన వేలితో రవంత జరిపింది. మళ్ళీ ఆనించింది. వణుకు లేదు. కళ్ళు లేకపోయినా అద్దం పరిచినట్టు వచ్చింది. బిళ్ళ పెట్టి నొక్కింది. "చూసేవా? ఇంత మాత్రం చెయ్యలేవు."

గంటసేపు దిగింది. గ్లాసు చేతికిచ్చాను.

తాగింది. ఆగింది. ఇంకో గుక్క తాగి నోట్లోనే ఉంచుకుంది చాలాసేపు.

"నువ్వు తాగు," అని గ్లాసు నా వైపు చాపింది.

తాగాను. నా పెళ్ళినాడు తెల్లారి పెట్టిన కాఫీలా ఉంది.

"ఎలా ఉంది?"

"బాగుందక్కా."

"నా మీద ఒట్టు?"

"ఒట్టు."

తరవాత మెల్లిగా అంది.

"అయితే నాకు తెలీటం లేదేంట్రా?"

జూన్ 22

రెండు చెంచాలు మంచినీళ్ళు. గోడ వైపు తిరిగి పడుకుంది.

"నేను మాట్లాడనా మావయ్యగారండీ?" అంది రత్నం.

"ఏమని?"

చెంచా తీసుకుని లోపలికెళ్ళింది.

జూన్ 23

ఇందాక పిలిచింది. "ఒరే, ఫిల్టరు తేవేంట్రా?"

రత్నం నీళ్ళు కాస్తోంది. పొడి డబ్బా నా ముందే ఉంది. మొన్న తెలుసుకున్నది మరిచిపోయిందా, లేక తెలిసే అడుగుతోందా? తెలిసే అయితే ఎవరికోసం సర్దుతానంటోంది? అడగాలి. అడగలేక ఇక్కడ కూర్చుని ఇది రాస్తున్నాను.

మళ్ళీ పిలుస్తోంది.