జాబితాలో రాయని దాగలి

మార్చి 12, గురువారం

చిట్టితల్లీ,

రేపు నువ్వు షెడ్డుకి వచ్చేసరికి ఈ ఉత్తరం నీ పికప్ బండి సీటు మీద ఉంటుంది. తప్పు ఎదురుగా ఒప్పుకోవడం నాకు అలవాటు లేదు.

బండి మోయగలిగేది వెయ్యి కిలోలు. వెల్డింగ్ సామాను, జనరేటరు, సిలిండర్లు, నీతో సహా నేను రాసిన జాబితా 962. నువ్వు తూయించి తెచ్చిన చీటీలో 1046 ఉంది. కాటా తప్పని మెకానిక్ మీద కేకలేశాను.

"కాటా సరిగ్గానే ఉందమ్మగారూ! బండి వెనక బరువు మోసే కమాన్ కట్టకి ఇంకో రెండు పట్టీలు వేస్తే కుంగదు, ఎవరికీ తెలీదు అన్నాను. మీ మనవరాలు ఇంతెత్తున లేచింది. పట్టీలు పెంచితే బ్రేకులకు బలం పెరుగుతుందా అని అడిగింది. ఒక్క పట్టీ చాలు, సిలిండర్లు దించేస్తానంది."

తేడా 84 కిలోలు. అది మీ తాతయ్య దాగలి, ఇనుము పెట్టి సుత్తితో కొట్టే దిమ్మ. నేనే పట్టుబట్టి ఎక్కించాను, కానుక కదా అని జాబితాలో రాయలేదు. దాన్ని దించమని నాతో అనలేక, సిలిండర్లతో చేసే సగం పని వదులుకోబోయావు.

నలభై ఏళ్లు లెక్కలు చెప్పాను. నా లెక్క తప్పని తూచి చూపించినదానివి నువ్వొక్కదానివే. ఇంత గర్వం నాకు ఎన్నడూ లేదు.

ఇక జరగాల్సినవి:

1. దాగలి మన వసారాలోకి రావాలి. సిలిండర్లు కదలకూడదు.
2. బరువు రోజూ ఒకటే కాబట్టి, బరువును బట్టి గాలి నింపి కమాన్‌కి ఆసరాగా పెట్టే సంచులు వద్దు. నువ్వు ఎంచినట్టే ఒక్క పట్టీ, కొత్త షాక్ అబ్జార్బర్లు వేయించు.
3. మళ్లీ తూచి, చీటీ నాకు చూపించు.
4. ఇకమీదట నా తప్పు నా ముఖం మీదే చెప్పు. కేకలేస్తాను. అయినా చెప్పు.