తెల్ల ఆదివారం చాప

సెప్టెంబర్ 28

అమ్మ కొబ్బరి తురుముతూ మామూలుగా చెప్పేసింది. తెల్ల ఆదివారం నాడు ఈసారి నువ్వు చాప మీద కాదే పెనీనా, నాతోపాటు వడ్డించాలి, పద్నాలుగొచ్చాయిగా అంది.

ఒళ్లు మండింది. ఏడాది పొడుగునా పెద్దవాళ్లకి వడ్డించి, వాళ్లు లేచాక తింటాం. తెల్ల ఆదివారం పిల్లల పండగ కనక ఆ ఒక్క రోజే పిల్లలం చాప మీద ముందు కూర్చుంటాం, పెద్దలు వడ్డించి విసనకర్రతో విసురుతారు. అదీ పోయింది.

అసలు చిన్నతనం ఎప్పుడు అయిపోతుంది? నాన్నని అడిగాను. గొంతు మారినప్పుడట. మరి ఆడపిల్లలకో అంటే, మీ అమ్మనడుగు అని జారుకున్నాడు.

అక్టోబర్ 2

నాన్నమ్మనీ అడిగాను. ముందు నువ్వెవరి పిల్లవే అంది. ఈమధ్య మా పేర్లు కూడా గుర్తుండటం లేదు. తర్వాత, చిన్నతనం అయిపోయిందని నాకింకా ఎవరూ చెప్పలేదే అంది.

అక్టోబర్ 3, సాయంత్రం

అమ్మతో బేరం కుదిరింది. ఆ రోజు చర్చిలో పిల్లలం ఒప్పజెప్పే బైబిల్ వాక్యం తప్పు లేకుండా చెప్పినవాళ్లు చాప మీద కూర్చోవచ్చట. తడబడితే నోరు మూసుకుని గరిటె పట్టుకోవాలట. ప్రేమ మీద అధ్యాయం మొత్తం ఎంచుకున్నాను. చూద్దాం.

అక్టోబర్ 6

ఒక వింత. నేను బట్టీ పడుతుంటే పక్కన చాప అల్లుతూ నాన్నమ్మ పెదాలు కదుపుతోంది. నేను ఆగినచోట అందిస్తోంది. ఇన్నాళ్లూ ఎక్కడ దాచుకుందో!

అక్టోబర్ 8

నాన్న అపియా పట్నం వెళ్లి పండక్కి ఐస్‌క్రీం డబ్బా తెచ్చాడు. నా తెల్ల గౌను భుజాల దగ్గర పట్టలేదు. అమ్మ కుట్లు విప్పింది.

అక్టోబర్ 9, తెల్ల ఆదివారం

నా వంతు వచ్చింది. నోరు తెరిచేలోపే నాన్నమ్మ లేచి వచ్చి, నా పక్కన చేతులు కట్టుకుని నిలబడి మొదలెట్టేసింది. పిల్లలు కిసుక్కుమన్నారు. అమ్మ లేవబోతే పాస్టరుగారు ఆగమని చెయ్యి చూపించారు. ఒక్క మాట పోకుండా అధ్యాయమంతా చెప్పింది. చర్చిలో ముక్కులు ఎగబీల్చని వాళ్లు లేరు.

ఇక నువ్వు చెప్పమ్మా అన్నారు పాస్టరుగారు. అది ఆవిడదండీ, చెప్పేసింది అన్నాను. బేరం పోతుందని తెలిసే అన్నాను.

ఇంటికి రాగానే నాన్నమ్మ తిన్నగా వెళ్లి చాప మీద పిల్లల మధ్య కూర్చుంది. అమ్మ లేపబోయింది. వాక్యం చెప్పినవాళ్లు చాప మీదే కదా, నువ్వేగా అన్నావు అన్నాను. అమ్మ పక్కకి జరిగింది. మొదటి పళ్లెం నేనే తెచ్చాను, పంది మాంసం, చేమదుంప. అది వద్దట, ముందు ఐస్‌క్రీం కావాలట. ఇచ్చాను. తింటున్నంతసేపూ విసిరాను.

అందరూ లేచాక అమ్మా నేనూ పొయ్యి దగ్గర తిన్నాం. ఏడుపొచ్చింది. అమ్మ తన మాంసం ముక్క నా పళ్లెంలో వేసింది.

అక్టోబర్ 10, హాలిడే

తెల్ల ఆదివారం ఎప్పుడే అని అడిగింది నాన్నమ్మ.

రేపే అన్నాను. విసనకర్ర ఎక్కడ పెట్టానో వెతకాలి.