తల ఊపిన సంగతి

ఆదివారం, మధ్యాహ్నం

అమ్మకు,

నమస్కారాలు. ఇక్కడ నా ఒంట్లో బాగానే ఉంది. నువ్వూ, నాన్నా, అన్నయ్యా కులాసాగా ఉన్నారని నీ ఉత్తరం చూసి కుదుటపడ్డాను.

ముందు నువ్వడిగినవాటికి జవాబులు. వేళకే తింటున్నాను. హాస్టల్ గది కిటికీ గడియ బాగుచేశారు. అక్షరాలు చీమల్లా రాస్తున్నానని విసుక్కున్నావు. ఆఫీసులో చిన్న చిన్న కార్డుల మీద రాసీ రాసీ చెయ్యి అలా అలవాటు పడిపోయింది.

నిఘంటువులో ఇప్పుడు నా వంతుకొచ్చిన మాట 'తల ఊపు'. అన్నయ్యకు చెప్పకు, పడీ పడీ నవ్వుతాడు. ఒక్కో అర్థానికీ ఒక్కో కార్డు. ఒప్పుకుంటే తల ఊపుతాం. పాట నచ్చితే తల ఆడిస్తాం. పెద్దవాళ్ళు ఆలోచిస్తూ తల పంకిస్తారు. వద్దంటే అడ్డంగా ఊపుతాం. ఏమీ అర్థం కాకుండా ఊపితే గంగిరెద్దులా ఊపడం. ప్రతి కార్డు మీదా వాడుక చూపే వాక్యం సొంతంగా రాయాలి. ఐదు అయ్యాయి. ఆరోది, 'భయపడి ఒప్పుకొను', మూడు రోజులుగా ఖాళీగా ఉంది.

పక్క బల్ల పిన్నిగారి గురించి అడిగావు. ఇరవై రెండేళ్ళుగా ప్రూఫులు చూస్తున్నారు. ఆఫీసంతా ఆవిణ్ణి ఎర్రపెన్సిలమ్మ అంటారు. మా దగ్గర పేజీ చదివినవాళ్ళు కింద మూలన తమ రంగు పెన్సిలుతో టిక్కు పెట్టాలి. ఆవిడది ఎరుపు, నాది ఆకుపచ్చ. నేను చేరిన రోజు అన్నం డబ్బా మూత తీయడానికి కూడా సిగ్గుపడి కూర్చుంటే, "మాట్లాడకపోతే పోనీలే, తినడానికైనా నోరు తెరువమ్మా" అన్నారు. ఇంట్లో మంచం పట్టిన అక్కగారు తప్ప ఆవిడకు ఎవరూ లేరు.

బుధవారం అచ్చాఫీసు నుంచి అచ్చయిన పేజీల కట్టలు వచ్చాయి. ఒక పేజీలో 'కవచం' అంటే తలుపు రెక్క అనీ, 'కవాటం' అంటే యుద్ధంలో ఒంటికి తొడుక్కునేది అనీ పడింది. కట్టలన్నీ చిత్తుకాగితాలే. ప్రూఫు తీసి చూస్తే మూలన ఎర్ర టిక్కు.

మేనేజరుగారు చెప్పులు టపటపలాడిస్తూ నా బల్ల దగ్గరకొచ్చారు. పిన్నిగారు అక్కడే ఉన్నారు.

"ఏమ్మా, పక్కనే కూర్చుంటావుగా. ఈ పేజీ చూసింది ఈవిడేనా?"

నేను తల వంచుకుని బల్ల మీది కార్డులు సర్దడం మొదలుపెట్టాను.

"నోరు తెరిస్తే ముత్యాలు రాలిపోతాయా? తలైనా ఊపు!"

ఊపాను.

"చూశారా! కళ్ళు కనపడవు, ఒప్పుకోరు. ఇక చాలు. సోమవారం పదింటికి నా గదికి రండి, కాగితం తయారుగా ఉంటుంది. పుచ్చుకుని ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండి."

అమ్మా, ఇప్పుడు చెప్తున్నాను. ఆ పేజీ చదివింది నేను. మధ్యలో నా పెన్సిలు మొన విరిగింది. చెక్కే మర మేనేజరుగారి గుమ్మం పక్కన గోడకు బిగించి ఉంటుంది. అక్కడికి వెళ్ళడానికి జంకి, పిన్నిగారు భోజనానికి లేచారని ఆవిడ ఎర్ర పెన్సిలు తీసుకున్నాను. ఆవిడ వచ్చేలోపు పెట్టేయాలన్న హడావిడిలో ఆ రెండు మాటలూ కళ్ళ ముందునుంచే జారిపోయాయి.

పిన్నిగారు నన్ను పల్లెత్తు మాట అనలేదు. నిన్న ఆ ప్రూఫును ముక్కుకు ఆనించుకుని, "నేనే చూసుంటాన్లే అమ్మాయీ. బొత్తిగా గుర్తు రావడం లేదు" అన్నారు. భోజనం వేళ కళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళొచ్చారు. "కళ్ళు నిక్షేపంలా ఉన్నాయట. అయితే పోయేది బుర్రేనేమో" అని నవ్వబోయారు. మళ్ళీ ఆ ప్రూఫే తీసి చూశారు. ఆవిడకు నిజంగానే భయం పట్టుకుందమ్మా, నా మూలంగా.

వేళకే తింటున్నానని పైన రాసింది అబద్ధం. మెట్ల మీద చెప్పుల చప్పుడైతే అన్నం డబ్బా మూసేస్తున్నాను. కాన్వెంట్లో తల ఊపి ఊరుకుంటే సిస్టర్ ఒప్పుకునేది కాదు, "నోటితో చెప్పు" అనేది. తొమ్మిదేళ్ళు చదివినా ఆ ఒక్క పాఠం ఒంటబట్టలేదు.

రేపు పిన్నిగారి కంటే ముందే ఆ గదిలోకి వెళ్ళాలి. పొద్దుట్నుంచి అద్దం ముందు నిలబడి అంటున్నాను: "ఆ పేజీ చదివింది నేనండీ." సగంలోనే మాట ఆగిపోతోంది. ఉద్యోగం పోతే పోనీ. ఆయన గొంతు పెంచగానే మళ్ళీ నా తల దానంతటదే ఊగుతుందేమోనని హడలిపోతున్నాను.

అందుకే ఈ ఉత్తరం. ఆఫీసుకు వెళ్తూ దారిలో పోస్టు డబ్బాలో వేస్తాను. వేశాక చెయ్యి పెట్టి తీసుకోలేను. నీకు తెలిశాక ఇంకెక్కడ దాక్కుంటాను?

గొంతు పెగలకపోతే ఆయన బల్ల మీద పెట్టడానికి ఆరో కార్డు నింపాను. వాడుక వాక్యం: "తప్పు నాదే అయినా, అడిగినప్పుడు భయపడి, పిన్నిగారిదేనని తల ఊపాను." కింద మూలన టిక్కు కూడా పెట్టాను. ఆకుపచ్చది.

ఇట్లు,
నీ చిన్నది