చివరి బొమ్మ రాకముందే

3 ఫిబ్రవరి 2003
బాలవాడి ట్రంకు పెట్టె తాళం ఆయా నరసమ్మ చివరికి ఇచ్చింది. బొమ్మల కథల పుస్తకాలు, ఇంకా కొత్త వాసనతో... రెండేళ్లుగా లోపలే. "బిడ్డలు చింపేస్తారు టీచరమ్మా. ఆఫీసరొస్తే చూపించల్ల గదా!" చింపనీ. చిన్నపిల్లల చేతుల్లో చిరగని పుస్తకం ఎందుకు?

11 ఫిబ్రవరి
మారెక్క మాట్లాడింది! నాలుగేళ్ల పిల్ల. నేను వచ్చినప్పటి నుంచి తల ఊపడమే తప్ప నోరు తెరవలేదు. తప్పిపోయిన గొర్రెపిల్ల కథ. అది బండరాయి ఎక్కి తల్లి కోసం వెతుకుతుంటే — "ఆడ గాదు. వాళ్లమ్మ ఈడ ఉండాది," అంటూ చివరి బొమ్మ దాకా గబగబా తిప్పేసింది.
నాయన ఇంకా అడుగుతూనే ఉన్నాడు, డిగ్రీ చదివి బిడ్డల ముక్కులు తుడిచే పనా అని. ఈరోజు జవాబు ఉంది.

19 ఫిబ్రవరి
వేరుశనగ ఈసారీ పోయింది. సగం ఊరు బెంగళూరు పనులకు. పిల్లల్ని ముసలివాళ్ల దగ్గర వదిలి, ఆ పసివాళ్లు నిద్రలో ఉండగానే పోతారు. మేలుకుంటే కాళ్లు వదలరని.

26 ఫిబ్రవరి
మారెక్క తల్లి లింగమ్మ. చెప్పులు విడవకుండా, గడప అవతలే నిలబడి — "నా కొంగు చేతికి చుట్టుకొని పండుకుంటాంది టీచరమ్మా. నిద్రే పోదు. మీరు కత చెప్తే పోతాది. మద్దేనం బస్సుకు పోతాము."
సరే అన్నాను. ఎవరూ బలవంతపెట్టలేదు.
మారెక్క గొర్రెపిల్ల కథే కావాలంది. గొంతు తగ్గించి, నెమ్మదిగా... చివరి బొమ్మ రాకముందే కళ్లు మూతపడ్డాయి. బయట బస్సు హారన్. ఆ పేజీ నేను తిప్పలేదు.

27 ఫిబ్రవరి
మారెక్క ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది.

5 మార్చి
పుస్తకం తీస్తే చెవులు మూసుకుంటున్నారు. మారెక్క ఒక్కతే కాదు, అందరూ. వెంకటేశు పక్కవాడితో — "కత వినొద్దురా. వింటే అమ్మ పోతాది."
నరసమ్మ నవ్వింది. "నేనేమో చింపుతారనుకుంటి!"

10 మార్చి
మధ్యాహ్నాలు ఎవరూ నిద్రపోవడం లేదు. ఎర్రబడ్డ కళ్లన్నీ నా మీదే. ఇంటికొచ్చి నేను కళ్లు మూస్తే — ఆ హారన్.

13 మార్చి
మారెక్క అవ్వ పరుగెత్తుకొచ్చింది. "నాకు కత చెప్పినాదమ్మా! బొమ్మలు చూపిచ్చి చెప్పినాది. కునుకు పట్టె. లేసి చూస్తే పిల్ల యాడా లేదు!"
బస్సు ఆగే చోట దొరికింది, ఒళ్లో గొర్రెపిల్ల పుస్తకంతో. ఎప్పుడు ఇంటికి తీసుకుపోయిందో! గొర్రెపిల్లలాగే, ఎదురైన ప్రతివాళ్లనీ అడుగుతోందట — "మా అమ్మ యాడ?"

14 మార్చి
నరసమ్మ పుస్తకాలన్నీ మళ్లీ పెట్టెలో వేసింది. "చాలు టీచరమ్మా, ఈ కతలు." మారెక్క మాత్రం తన పుస్తకం ఇవ్వలేదు. దాన్ని పొట్టకు హత్తుకుని వచ్చి నా పక్కన కూర్చుంది. ఇన్నాళ్లకు నాతో మాట —
"రేపు నేను కత చెప్తా టీచర్. నువ్వు కండ్లు మూసుకో."
"చివరిదాకా చెప్తావా?"
తలుపు వైపు చూసింది.
రేపు కళ్లు మూయకపోతే ఆ పిల్ల ఇక కథ చెప్పదు, వినదు. మూస్తే... మళ్లీ బస్సు దగ్గరికే. తలుపుకు గొళ్లెం పెట్టి కళ్లు మూయాలా? పెడితే చప్పుడు వింటుంది.