రేపు ఎత్తేసే దయ్యం సినిమా

1972, ఆడి నెల, మంగళవారం

గుండూ, నువ్వు చూడాలని ఏడ్చిన దయ్యం సినిమా ఈరోజు మొదటి ఆటకు చూశాను. జ్వరం తగ్గాక తీసుకుపోతానన్నాను కదా, తగ్గనే లేదు. పెరియంపట్టి కొట్టాయి టాకీసు పాకలో పట్టుమని పదిమంది లేరు. రేపు ఎత్తేస్తారట. ఊరంతా చూడాల్సిన సినిమా అది.

అందులో చచ్చిపోయిన పిల్లవాడు రోజూ ఇంటికి వస్తాడు. ఎవరినీ ఏమీ చేయడు. వాకిట్లో నిలబడి ఆకలంటాడు. తండ్రేమో వాడు రాకుండా గడపకు మేకులు కొట్టిస్తాడు.

నా పక్కన మీ మేనత్త కళ్లు మూసుకుంది. "లేయి వదినా, పోదాం. గుండె అదురుతా ఉండాది."

"నువ్వు పో. బిడ్డ ఇంకా తినలే."

"అయ్యో, అది సినిమా వదినా!"

ఇంటికొచ్చి చూస్తే మన తలుపుకూ వేపమండ ఉంది. నువ్వు పోయిననాడు, దయ్యాలు రాకూడదని మీ మేనత్తే కట్టింది. ఎండిపోయినా నేను తీయలేదు. ఇన్నాళ్లూ నువ్వు బయటే నిలబడ్డావేమో... మనసు నిలవడం లేదు.

ఇప్పుడే తీసేశాను. వేపమండ ఆ తల్లిది కదా, మారెమ్మకు కోపం వస్తుందో ఏమో. రాగిముద్ద, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి తలుపు దగ్గరే పెట్టాను. కడుపునిండా తిను.